నాలుగో తరగతి మంజూరు చేసిన సెలవు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కడప వైపు ఆడవాళ్ళంతా ఇంతేనని మా ఆయన అంటారు కానీ అది వట్టి మాట. మా అక్క ఎంత నెమ్మదైన మనిషో ఆయనకూ తెలుసు. నా కోపం నా సొంతం. అది లేకపోతే ఒక ఇల్లాలు పరీక్ష రాయగలదా లేదా అన్న సంగతి నాలుగో తరగతి పిల్లల చేతిలో పడేదే కాదు. కాబట్టి ముందు దాని సంగతే చెప్పుకుంటున్నాను.

తొంభైల మొదట్లో మా ఆయనకు యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చి తార్నాకలో చేరాం. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, క్యాంపస్ లోపల, స్టాఫ్ క్వార్టర్ల వెనకాల ఒక చిన్న బడి ఉండేది. గుమస్తాల పిల్లలు, అటెండర్ల పిల్లలు, మాణికేశ్వర్ నగర్ నుంచి గోడ సందులోంచి దూరి వచ్చే పిల్లలు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి ఒకరిద్దరు, అందరూ అక్కడే చదివేవాళ్ళు. నాలుగో తరగతికి తెలుగు చెప్పడానికి నన్ను తాత్కాలికంగా పెట్టుకున్నారు. తాత్కాలికం అంటే, ఇష్టమైనన్నాళ్ళు ఉంచుతారు, కాకపోతే నమస్కారం పెడతారు.

చేరిన కొత్తలో వర్షం మీద వ్యాసం రాయమన్నాను. అందరూ గబగబా మొదలుపెట్టారు. వంగి చూస్తే అందరిదీ ఒకటే. "వర్షము ప్రకృతి మనకు ప్రసాదించిన వరము. వర్షము లేనిచో పంటలు పండవు." గైడులో ఉన్నది ఉన్నట్టు దించేస్తున్నారు. అసలు తమాషా ఏమిటంటే, అదే సమయానికి బయట కుండపోతగా వాన పడుతోంది. కిటికీలోంచి జల్లు కొట్టి ముందు బెంచీ పిల్లల చేతులు తడుస్తున్నాయి. ఆ తడి చేతిని లంగాకు తుడుచుకుని మళ్ళీ "వర్షము లేనిచో" అని రాసుకుంటోంది ఒక పిల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకాలు మూయించి అందర్నీ వరండాలోకి నడిపించాను. చూరు కింద నిలబడి చేతులు చాపమన్నాను. ఇప్పుడు చెప్పండి, వాన అంటే ఏమిటి అన్నాను.

ఇదేదో కొత్త రకం శిక్ష అనుకున్నారు పాపం. చివరికి మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే ఒక పిల్ల, చేతిలో నీళ్ళు పట్టుకుని చూస్తూ, చాలా మామూలుగా అంది. "వాన పడితే మా ఇంట్ల అంత కురుస్తది టీచర్. ఒక్క మంచం కాడనే కురువది. అందరం గా మంచం మీదనే కూసుంటం. అప్పుడు మా నాయిన ఎవ్వర్ని కొట్టడు."

నేను నోరెళ్ళబెట్టాను. తొమ్మిదేళ్ళు కూడా ఉండవేమో ఆ పిల్లకు. వాన గురించి నేను అప్పటిదాకా చదివినవన్నీ ఆ మాట ముందు వెలవెలబోయాయి. ఆ రోజు నా గొడుగు బడిలోనే మరిచిపోయి, తడుచుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ఇక శుక్రవారం ఆఖరి పీరియడు నాది అని హెడ్‌మిస్ట్రెస్‌తో పోట్లాడి తీసుకున్నాను. ఆవిడది కృష్ణా జిల్లా. జరీ అంచు చీర, నుదుట కాసంత బొట్టు, మాటలో తీపి, లోపల ఉక్కు. "చూడమ్మాయ్, కబుర్లూ కథలూ నాకూ ఇష్టమే. కానీ తల్లిదండ్రుల దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చిందంటే ఆ పీరియడు ఎక్కాలకి ఇచ్చేస్తాను. ఆనక నన్ననుకోవద్దు" అంది. సరేనన్నాను.

ఆ శుక్రవారాల్లో ఏమేం చేయించానో తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ఒక గుడ్డసంచిలో ఇంట్లో దొరికినవన్నీ వేసుకుని వెళ్ళేదాన్ని. కొబ్బరి పీచు, చింతపిక్కలు, తాళంచెవి, ఇస్త్రీ మడత విప్పని చేతిరుమాలు. చూడకుండా చెయ్యి లోపల పెట్టాలి. తగిలింది ఏమిటో చెప్పకూడదు, ఏం గుర్తొచ్చిందో చెప్పాలి. కొబ్బరి పీచు పట్టుకున్నవాడు "మా తాత ముద్దు పెట్టుకుంటుండు" అన్నాడు. తాళంచెవి తగిలిన పిల్ల "బడి నుంచి పోయిన. ఇంట్ల ఎవ్వరు లేరు" అంది. చల్లని ఇనుప ముక్కలోంచి ఆ పిల్ల తన సాయంకాలాలన్నీ తీసి చూపించింది. మరోసారి, ఒకరు ఒక వాక్యం చెబితే పక్కవాళ్ళు దానికి ఇంకో వాక్యం అతికే కథ ఆడించాను. కాకితో మొదలైన కథ రెండు బెంచీలు తిరిగేసరికి చంద్రుడి మీద కిరాణా కొట్టు పెట్టింది. ఇదంతా ఎక్కడ దాచుకున్నారు వీళ్ళు అని ప్రతి శుక్రవారమూ ఆశ్చర్యపోయేదాన్ని. నేను నేర్పింది ఏమీ లేదు. అడిగాను, అంతే.

మార్చి మొదట్లో అనుకుంటాను, పాఠ్యపుస్తకంలో సెలవు చీటీ పాఠం వచ్చింది. "నాకు నిన్నటి నుండి తీవ్రమైన జ్వరముగా ఉన్నందున" అని తరగతి మొత్తం రాసింది. ఒక్కడికీ జ్వరం తప్ప మరో రోగం లేదు. దగ్గు లేదు, పెళ్ళి లేదు, ఊరికి పోవడం లేదు. "మీ అందరికీ ఒకేసారి జ్వరం వస్తే నేను బడికి ఎందుకు రావాలి?" అని కసిరాను. శుక్రవారం ఆఖరి పీరియడులో కొత్త పని పెట్టాను. ఇంతవరకూ ఎన్నడూ సెలవు దొరకని వాళ్ళ తరఫున సెలవు చీటీ రాయాలి. మనిషే కానక్కర్లేదు. ఏదైనా సరే. ఒకటే షరతు, జ్వరం రాకూడదు.

ఆ చీటీలు ఒక్కొక్కటే తీసి చదివాను. ఒకడు ఫ్యాను తరఫున రాశాడు. "నేను రోజు తిరుగుతున్నాను. ఎంత తిరిగినా ఎక్కడికి పోలేదు. కావున ఎక్కడికైనా పోవుటకు సెలవు కావలెను." ఇంకొకడు మౌలాలి గుట్ట తరఫున. "నిలబడి నిలబడి కాళ్ళు నొస్తున్నవి. ఒక్క రోజు కూర్చుంటాను." మా బడిగంట అంటే కొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే అబ్బాయి దాని తరఫున రాశాడు. "ఇంతకు ముందు నా మీద రైళ్ళు పోయేవి. ఇప్పుడు నన్ను ఊరికే కొడుతున్నారు. ఒక్క రోజు కొట్టకండి."

నేను చదివి వినిపిస్తున్నాను, పిల్లలు తలలూపుతున్నారు. అప్పుడొక సందేహం లేచింది. చాలామంది నాన్నలది సర్కారు ఉద్యోగమో యూనివర్సిటీ ఉద్యోగమో కదా, సెలవు రూల్సు వాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చాయి. "టీచర్, పెద్దలు సంతకం పెట్టకుంటె చీటీ చెల్లది. గుట్టకు ఎవరు పెడతరు?" అని ఒకడు అడిగాడు. ఆకాశం పెట్టాలని ఒకరు, ఆకాశానికి చదువు రాదని మరొకరు. చివరికి తరగతి అంతా కలిసి, టీచరే మంజూరు చెయ్యాలె, ఎర్ర సిరాతో చెయ్యాలె అని తీర్మానించారు. సరదాగానే ఉంది కదా అని ప్రతి చీటీ కింద ఎర్ర సిరాతో "మంజూరు చేయడమైనది" అని రాసి సంతకం గీకాను. "ఇది సీఎల్లా, ఈఎల్లా?" అని కూడా అడిగారు. సీఎల్లే అన్నాను.

ఆ దొంతరలో మూడో బెంచీ పిల్ల చీటీ ఉంది. ఆ పిల్ల వాళ్ళది వరంగల్ వైపు. క్వార్టర్లలోనే ఇల్లు. వాళ్ళ నాన్న పని చేసేది, చూడండి విడ్డూరం, యూనివర్సిటీ ఉద్యోగుల సెలవులు చూసే సెక్షన్‌లో. ఆ చీటీ ఇంచుమించు ఇట్లా ఉంది.

"గౌరవనీయులైన వారికి. మా అమ్మ తరపున వ్రాయునది. ఆదివారం అందరికి సెలవు. మా అమ్మకు ఆ రోజు ఎక్కువ పని. మా అమ్మ ఇంటి కాడ చదువుకొని బి.ఏ. రాస్తున్నది. ఒక్క పేపరు మిగిలింది. పోయినసారి హాల్ టికెట్ వచ్చినా పోలేదు. నానమ్మ మంచంల ఉన్నది, ఎవరు చూస్తరు అని. పరీక్ష జరిగే బిల్డింగు మా డాబా ఎక్కితే కనపడుతది. అమ్మ బట్టలు ఆరేసేటప్పుడు చూస్తది. ఈ నెల ఆఖరి ఆదివారం మళ్ళా పరీక్ష. కావున ఆ రోజు పొద్దున నుంచి పొద్దుగూకే దాకా మా అమ్మకు సెలవు ఇవ్వగలరు. ఆమెకు జ్వరం లేదు."

ఆమెకు జ్వరం లేదు. నేను పెట్టిన షరతును ఆ పిల్ల అట్లా పాటించింది. అంతమంది మాస్టార్లూ ఆచార్యులూ తిరిగే క్యాంపస్‌లో, పరీక్ష హాలు కనబడేంత దూరంలో బట్టలు ఆరేస్తూ ఒక మనిషి నిలబడి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ చీటీ మీద మాత్రం సరదాకి పెట్టలేదు సంతకం. గట్టిగా, నిబ్బు విరిగేట్టు పెట్టాను. పెట్టి మాత్రం ఏం లాభం, పిల్ల ముచ్చట తీరుతుంది అంతే అనుకున్నాను.

పిల్లలు మాత్రం అట్లా అనుకోలేదు. వాళ్ళ ఇళ్ళల్లో మంజూరైన సెలవంటే మంజూరైనట్టే. ఎర్ర సిరా పడ్డాక ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. సోమవారం నేను బడికి వెళ్ళేసరికి గంట వినబడలేదు. పట్టా ముక్కకు తువ్వాలు చుట్టి ఉంది. అటెండరు సుత్తి పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. "సెలవు మంజూరైందట గదమ్మా. మీ సంతకం చూపిచ్చిన్రు" అన్నాడు. తరగతిలో ఫ్యాను ఆపేసి ఉంది. చెమటలు కారిపోతున్నా ఎవరూ స్విచ్చి ముట్టుకోనివ్వడం లేదు. "సెలవుల ఉన్నది టీచర్, పిలువొద్దు" అన్నాడు ఫ్యానువాడు. నాకు నవ్వాగలేదు. అంతలోనే తట్టింది. ఫ్యానూ గంటా సరే, ఆ మూడో బెంచీ పిల్ల ఇంట్లో ఏం చేసి ఉంటుంది?

ఎక్కువసేపు ఆలోచించే పని లేకపోయింది. మొదటి పీరియడు అయ్యీ కాకముందే హెడ్‌మిస్ట్రెస్ గదికి పిలుపొచ్చింది. అక్కడ ఆ పిల్ల తండ్రి కూర్చుని ఉన్నాడు. సన్నగా ఉన్నాడు, చొక్కా జేబులో రెండు పెన్నులు. నన్ను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. బల్ల మీద ఆ చీటీ. వెనకాల ఎండిపోయిన అన్నం మెతుకులు. శనివారం పొద్దున్నే ఆ పిల్ల దాన్ని అన్నంతో వంటింటి తలుపుకు అంటించి, అమ్మకు సెలవు మంజూరైంది, ఆ ఆదివారం నాడు వంటింట్లోకి రానియ్యను అని ప్రకటించిందట.

"ఈ సంతకం మీదేనా మేడమ్?"

"నాదే."

"పెండ్లి కాకముందు సంది నేను లీవ్ సెక్షన్లనే ఉన్న. సెలవు శాంక్షన్ చెయ్యాల్నంటె చేసెటోల్లకు పవర్ ఉండాలె. మా ఇంట్ల మీకు పవర్ ఎవరిచ్చిన్రు?"

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నాకు మాత్రం తిక్క రేగింది. "నాకు లేదు సరే. మరి మీ ఇంట్లో ఎవరికుంది? వాళ్ళ పేరు చెప్పండి, వాళ్ళతోనే పెట్టిస్తాను" అన్నాను. హెడ్‌మిస్ట్రెస్ నన్ను కళ్ళతోనే గదిమింది.

"మా అమ్మకు" అన్నాడు ఆయన. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. ముసలావిడ స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. అప్పట్నుంచి మంచమే. లేపాలన్నా, పక్కకు తిప్పాలన్నా, ఒళ్ళు తుడవాలన్నా కోడలే. "నన్ను ముట్టనియ్యది. మొగోనివి, నువ్వు అవుతలికి పో అంటది. నాకు మాత్రం ఇష్టం లేదా మేడమ్? హాల్ టికెట్ నేనే పోయి తెచ్చిన. కని సెలవిస్తె ఛార్జి ఎవరికన్న అప్పజెప్పాలె గద. ఎవరికి అప్పజెప్పాలె, మీరే చెప్పున్రి."

ఆయన మీద కోపం సగం దిగిపోయింది. మిగిలిన సగంతో అడిగాను. "మీ అమ్మగారిని అడిగారా?"

"ఏమని?"

"కోడలికి పరీక్ష ఉంది, ఒక్క పూట పంపిస్తావా అని."

"అడిగేదేమున్నది మేడమ్. ఒప్పుకోది."

"అంటే అడగలేదు."

ఆయన హెడ్‌మిస్ట్రెస్ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. లేదన్నాడు.

"మీ సెక్షన్‌లో ఎవరైనా దరఖాస్తు ఇస్తే, పై ఆఫీసరుకు పంపకుండా, ఆయన ఒప్పుకోడులే అని మీరే చించి పారేస్తారా?"

ఆ మాట సూటిగా తగిలింది. మొహం మాడిపోయింది ఆయనకు. ఆ సమయంలో హెడ్‌మిస్ట్రెస్ నోరు విప్పింది. ఇక నా పీరియడుకు నూకలు చెల్లాయి అనుకున్నాను. ఆవిడ చీటీని వేలితో ఆయన వైపు జరిపి, "అదెలా కుదురుతుందండీ. కాగితం పైకి వెళ్ళాలి కదా. ఔననో కాదనో ఆవిణ్ణే అననివ్వండి" అంది.

ఆయన చీటీని జాగ్రత్తగా మడిచి పెన్నుల వెనకాల పెట్టుకున్నాడు. "మా అమ్మకు పుటప్ చేస్త" అని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూసి, "మా బిడ్డ రాసిందేనా ఇది? ఎవ్వరు చెప్పలె గద?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాను. ఆయన మొహంలో ఏదో మారింది. నేను శుక్రవారాల్లో పడే ఆశ్చర్యమే అది అని నాకు తెలిసిపోయింది.

మర్నాడు ఆ పిల్ల నా కంటే ముందే వచ్చి తరగతి గుమ్మంలో నిలబడి ఉంది. చీటీ నా చేతిలో పెట్టింది. నా ఎర్ర సిరా కింద నీలం వేలిముద్ర. సిరా ఎక్కువై కొద్దిగా పాకింది గానీ గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. జరిగింది ఆ పిల్లే చెప్పింది. రాత్రి అన్నాలయ్యాక వాళ్ళ బాపు నానమ్మ మంచం పక్కన నిలబడి, ఆఫీసులో చదివినట్టే మొత్తం చదివాడు. నానమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు. అప్పుడు నానమ్మకు కోపం వచ్చింది.

"ఎందుకు కోపం?" అన్నాను.

"గిన్ని దినాలు నాకెందుకు చెప్పలేదు అని టీచర్. నేను వద్దన్ననా, అడిగితె వద్దన్ననా అని బాపును బాగ తిట్టింది. అమ్మను గుడ తిట్టింది. నన్ను రాచ్చసిని చేసిన్రు అని ఏడ్చింది. తరువాత వేలిముద్ర ఏసింది."

ఒక ఇంట్లో నలుగురు మనుషులు. ముసలావిడ ఒప్పుకోదని కొడుకు అనుకున్నాడు. భర్త చెప్పి చూసే ఉంటాడని భార్య అనుకుంది. అడగని ప్రశ్నకు జవాబు కాదనే అని ఇద్దరూ తీర్మానించుకుని ఒక పరీక్ష పోగొట్టుకున్నారు. రాయమంటే రాసిన పిల్ల ఒక్కతే అడిగింది. ఎంత చిన్న సంగతి, ఎంత పెద్ద సంగతి.

"ఇంకోటి గుడ చెప్పింది టీచర్" అంది ఆ పిల్ల. "గా ఆదివారం నా కాడ ఎవరుంటరు, మీ పంతులమ్మను రమ్మను, సంతకం పెట్టింది గద అన్నది."

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే మరి. ఆ నెలాఖరు ఆదివారం ఇంట్లో బట్టలుతికే పని మా ఆయనకు అప్పజెప్పి వెళ్ళాను. క్వార్టరు చిన్నదే. ముందు గదిలో నులకమంచం, దాని మీద ముసలావిడ. ఎముకల గూడులా ఉంటుందనుకున్నాను. కాదు, భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వేనా పంతులమ్మవు. గింతంతే ఉన్నవు. నన్ను లేపగలవా బిడ్డా?" అంది. లేపాను. "బరువున్ననా?" అని అడిగింది. ఉన్నావన్నాను. సంతోషంగా నవ్వింది.

ఆ పిల్ల తల్లి గంజిపెట్టిన చీర కట్టుకుని, పెన్నులూ హాల్ టికెట్టూ పట్టుకుని గదిలోకి ఒకసారి, వంటింట్లోకి ఒకసారి తిరుగుతోంది. మందులు ఎక్కడున్నాయో నాకు మళ్ళీ మళ్ళీ చెప్పింది. పొయ్యి దగ్గర భర్త చొక్కా విప్పి అన్నం ఎసరు చూస్తున్నాడు. "ఇగ పోవే" అని ముసలావిడ అరిస్తే గానీ ఆమె గడప దాటలేదు. ఒక్కతే నడిచి వెళ్ళింది.

పిల్ల గబగబా డాబా ఎక్కింది. పైనుంచి కేకేసి చెబుతోంది. అమ్మ మలుపు దాటింది నానమ్మా. అమ్మ రోడ్డు దాటింది నానమ్మా. మంచం మీద ముసలావిడ, కిటికీ దగ్గర నేను, గరిట పట్టుకుని ఆయన, ముగ్గురం పైకప్పు వైపు చూస్తూ వింటున్నాం. అంతలో పైనుంచి మాట ఆగిపోయింది.

"ఏమైందే?" అంది ముసలావిడ.

"గేటు కాడ నిలబడ్డది నానమ్మా."

"ఎందుకు నిలబడ్డది?"

"తెల్వది. ఇటే చూస్తున్నది."

"పొమ్మని చెప్పు. గంట కొడతరు, పొమ్మను. నేను మంచిగనే ఉన్న అని చెప్పు." ముసలావిడ మోచేతుల మీద లేవబోయింది. నేను పట్టుకున్నాను. పైన ఆ పిల్ల అంత దూరం వినబడదని తెలిసి, రెండు చేతులూ ఊపుతూ గెంతుతున్నట్టుంది, కప్పు దబదబలాడింది. ఒక ఊపిరి తీసుకున్నంత సేపు. తర్వాత మెల్లగా అంది. "పోయింది నానమ్మా. లోపలికి పోయింది."

ముసలావిడ దిండు మీద వాలిపోయింది. ఆయన వంటింట్లోకి తిరిగి వెళ్ళి ముక్కు చీదడం వినబడింది.

ఎండ ఎక్కుతున్నప్పుడు ఆవిడ మనవరాలిని పిలిచి, "నాకు గుడ ఒకటి రాయి బిడ్డా, సెలవు కాయితం" అంది. ఎవరికి రాయాలని అడిగితే, "ఈ మంచానికి" అంది. పిల్ల పలక మీద రాసుకుంటూ ఉంటే ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పింది. "మంచమా, నీకు దండం. నన్ను మంచిగనే మోస్తున్నవు, నీ మీద నాకు కోపం లేదు. ఒక్క పూట ఇడిసిపెట్టు. మా ఊర్ల బాయి కాడ మిరపతోట ఎర్రబడ్డప్పుడు పోయి, ఈ ఒడ్డు కెల్లి ఆ ఒడ్డు దాక ఒక్కసారి నడిచి వస్తా. మళ్ళ వచ్చి నీ మీదనే పండుకుంట. యాడికి పోత?"

ఆవిడ బడి గడప తొక్కిన మనిషి కాదు. అక్షరం రాదు. పిల్లలనుకుంటే పిల్లలే కాదు, అడిగితే ఎవరైనా సరే ఇంత చెప్పగలరా అని ఆశ్చర్యపోయాను. ఆవిడకు విసురుతున్న విసనకర్ర అట్లాగే ఆగిపోయింది. "ఇసురు బిడ్డా" అని గుర్తు చేసింది ఆవిడే.

మధ్యాహ్నం దాటాక కోడలు వచ్చింది. ఎండకు మొహం కందిపోయింది. చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపుకుంటూ, రోజూలాగే నేరుగా మంచం దగ్గరికి వచ్చి అత్తగారిని పక్కకు తిప్పడానికి వంగింది.

"రాసినవా?" అంది ముసలావిడ.

"రాసిన అత్తమ్మా."

"అన్ని రాసినవా?"

"అన్ని రాసిన."

"చెయ్యి ఏమైంది, గట్ల పట్టుకున్నవు?"

"ఏం లేదు. గింతసేపు రాసి ఎన్నేండ్లైందో. గుంజుతున్నది."

"ఇటు తే."

ఆమె ఇవ్వలేదు. ముసలావిడే అందుకుని లాక్కుంది. సిరా అంటిన ఆ వేళ్ళను తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఒక్కొక్క వేలే నొక్కడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ తన ఒళ్ళు పట్టిన చెయ్యి అది. కోడలు సిగ్గుతో మెలికలు తిరిగిపోయింది. వదులు అత్తమ్మా, నీళ్ళు పెట్టాలె, నీకు పోసి గుడ్డలు మార్చాలె అంటూ చెయ్యి లాక్కోబోయింది.

"కూసో" అంది ముసలావిడ, వేళ్ళు నొక్కడం ఆపకుండా. "ఇంక పొద్దు గూకలే. నీ సెలవు ఒడువలే."

ఆమె మంచం అంచున కూర్చుంది.